సమస్యాపూరణం: “పొగడినంతనె ప్రాణముల్ పోయె నకట”

నిర్వాహకుడు: ఈ వారం సమస్యను, అంటే మిగిలిన మూడు పాదాలు వ్రాసి మీరు పూరింపవలసిన పై పాదాన్ని, 1956 నాటి అమెరికన్ చలనచిత్రం ‘ప్యాటర్న్స్’ నుండి తీసుకున్నాను. రాడ్ సెర్లింగ్ రచించిన ఈ కథ మొదట 1955 జనవరి 12న టెలివిజన్ నాటకంగా ప్రత్యక్షప్రసారమైంది. ప్రేక్షకులకు ఎంతగా నచ్చిందంటే, ఫిబ్రవరి 9న నటీనటులు మళ్లీ కూడి దానిని రెండవసారి ప్రత్యక్షంగా ఆడవలసివచ్చింది. తరువాత ఫీల్డర్ కుక్ దర్శకత్వంలో అది చలనచిత్రమైంది.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. న్యూయార్కులో ఒక పెద్ద కంపెనీకి అధిపతి రామ్సే. ఒహయోలో తాను కొన్న కర్మాగారంలో పనిచేస్తున్న స్టేపుల్స్ అనే ఇంజనీరును ప్రధాన కార్యాలయానికి రప్పిస్తాడు. రామ్సే తండ్రి కాలం నుండి అక్కడే పనిచేస్తున్న బ్రిగ్స్ అనే వృద్ధుడు ఆ క్రొత్తవానిని ఆప్యాయంగా చేరదీస్తాడు. బ్రిగ్స్ స్థానానికే స్టేపుల్స్‌ను తెచ్చారన్న సంగతి ఇద్దరికీ ఆలస్యంగా తెలుస్తుంది. వారిద్దరూ కలిసి తయారుచేసిన నివేదిక నుండి రామ్సే బ్రిగ్స్ పేరును తీయించి, ఘనతనంతా స్టేపుల్స్‌కే కట్టబెడతాడు. సమావేశాల్లో పదేపదే అవమానం పాలైన ఆ వృద్ధుడు చివరకు గుండెపోటుతో కూలిపోతాడు.

ఈ సమస్య తేటగీతి అనే ఛందస్సులో నాల్గవ పాదము. గణవిభజన: పొగడి – నంతనె – ప్రాణముల్ – పోయె – నకట. ‘పొ’కు ‘పో’తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాల్గవ గణం మొదటి అక్షరంతో ఉండవలసిన పొందిక. ‘నంతనె’ తరువాత ‘ప్రా’ వచ్చినా, పదాలు వేరు కనుక ‘నె’ లఘువే (పొట్టి అక్షరమే). పొగడ్త ప్రాణం తీయడం ఎట్లాగో ఈ చిత్రకథకు తగినట్లుగా పూరణ చెప్పాలి, అదే నియమం.

తెనాలి మాస్టారు:

చేరి యిరువురు వ్రాసిన చిత్తునందు
నొకని పేరునుఁ జెఱిపి వేఱొకనిఁ బొగడ
గుండె బలహీనమైనట్టి కొలువుకాని
పొగడినంతనె ప్రాణముల్ పోయె నకట

డల్లాస్ సోదరి: మాస్టారూ, మొదటి రెండు పాదాలలో కథ అంతా ఇమిడిపోయింది. మూడవ పాదం చదివి నాల్గవ పాదంలోకి రాగానే మాత్రం, గుండె బలహీనమైనవానినే పొగిడారేమో అనిపిస్తున్నది. అప్పుడు కథే తలక్రిందులవుతుంది కదండీ?

తెనాలి మాస్టారు: అమ్మా, ‘కొలువుకాని’ (ఉద్యోగి) మీద అరసున్న (ఁ) లేదు. కనుక అది షష్ఠియే (‘ఉద్యోగి యొక్క’) గాని ద్వితీయ (‘ఉద్యోగిని’) కాదు. ‘కొలువుకాని ప్రాణముల్’ అని అన్వయించుకోవాలి.

నిర్వాహకుడు: వ్యాకరణం మాస్టారి పక్షాన ఉన్నదన్నది నిజమే కాని, పద్యాన్ని చెవితో వినేవారికి అరసున్న వినబడదు. షష్ఠికీ దాని విశేష్యానికీ నడుమ ‘పొగడినంతనె’ అడ్డుపడి దూరాన్వయమయింది. పైగా రెండవ పాదం చివరి ‘పొగడ’ సమస్యలోని క్రియను ముందుగానే ఖర్చు చేసేసింది. మాస్టారు అనుమతిస్తే ఇట్లా సవరించవచ్చు:

చేరి యిరువురు వ్రాసిన చిత్తునందు
నొకని పేరునుఁ జెఱిపి వేఱొకని నెత్తి
గుండె యలసిన బ్రిగ్సుకుఁ గొలువునందె
పొగడినంతనె ప్రాణముల్ పోయె నకట

తెనాలి మాస్టారు: అంగీకరించాను. ‘బలహీనము’ వైద్యుని మాట, ‘అలసిన’ అన్నది మనిషి మాట. ఆ వృద్ధుని ముఖంలో కనిపించేది అలసటే. బ్రిగ్స్‌గా నటించిన ఎడ్ బెగ్లీ, సమావేశపు బల్ల దగ్గర కూర్చుని, తన మాటకు విలువ లేదని తెలిసి కూడా కార్మికుల ఉద్యోగాల కోసం మళ్లీ నోరు తెరిచే తీరు చూడండి.

వరంగల్ విద్యార్థి: ఇది నా మొదటి ప్రయత్నం, పెద్దలు సరిదిద్దగలరు.

ఒహయొ నుండి వచ్చిన వాని నుద్ధరింప
పిలిచె రామ్సేయె నగరికి నాదరమునఁ
బాతవానికిఁ బని లేని పాటు గలిగె
పొగడినంతనె ప్రాణముల్ పోయె నకట

నిర్వాహకుడు: నాయనా, ఒహయోను తేటగీతిలో ఇమిడ్చి, ‘ఒ’కు ‘వాని + ఉద్ధరింప’లోని ఉకారంతో స్వరయతి (అచ్చుల పొందిక) వేయడం మొదటి ప్రయత్నానికి చాలా గొప్ప. రెండవ పాదంలో ‘పి’కి ‘నా’తో యతి చెల్లదు. ‘ఆదరమున’ను తీసి ‘బ్రేమతోడ’ అంటే సరిపోతుంది. రామ్సే చూపించే ప్రేమ ఎటువంటిదో తెలిసినవారికి అందులోని వ్యంగ్యం కూడా అందుతుంది.

అసలు లోపం మూడవ పాదంలో ఉన్నది. ఎవరు ఎవరిని పొగిడారో నీవు చెప్పలేదు. అందుచేత సమస్య చిక్కు వీడకుండానే మిగిలింది. పాతవాడు చూస్తుండగా క్రొత్తవానిని మెచ్చుకోవడమే రామ్సే పన్నిన ఉపాయం కనుక ఆ దృశ్యాన్నే పద్యంలోకి తెద్దాం:

ఒహయొ నుండి వచ్చిన వాని నుద్ధరింప
పిలిచె రామ్సేయె నగరికిఁ బ్రేమతోడఁ
బాతవాఁ డున్న కొలువులోఁ బలుమఱు దొర
పొగడినంతనె ప్రాణముల్ పోయె నకట

గుంటూరు అవధాని: మీరంతా చిత్రకథను పట్టుకున్నారు. నేను మహాభారతంలోని కర్ణపర్వానికి వెళ్లాను.

అన్న నవమానపఱచిన యర్జునుండు
చావఁ దలఁచినఁ గృష్ణుండు చక్కఁ జెప్పె
తన్నుఁ దా నుతించుటె చావు, తన్నుఁ దానె
పొగడినంతనె ప్రాణముల్ పోయె నకట

వరంగల్ విద్యార్థి: పద్యం ధార బాగున్నదండి, కాని ఇందులో కంపెనీ లేదు, సమావేశం లేదు. నియమానికి ఇది లోబడుతుందా?

గుంటూరు అవధాని: సందర్భం చెబుతాను, తీర్పు మీరే ఇవ్వండి. గాండీవాన్ని మరొకరికి ఇమ్మన్నవానిని చంపుతానని అర్జునునికి ప్రతిజ్ఞ ఉన్నది. ధర్మరాజు కోపంలో ఆ మాటే అన్నాడు. అప్పుడు కృష్ణుడు చెప్పిన ఉపాయమేమిటి? గౌరవింపదగిన పెద్దవానిని తక్కువచేసి మాట్లాడితే అతనిని చంపినట్లే, కత్తి దూయనక్కరలేదన్నాడు. అన్నను అట్లా నిందించి, ఆ పాపానికి అర్జునుడు తన ప్రాణమే తీసుకోబోతే, నిన్ను నీవు పొగడుకో, అదే నీ చావు అన్నాడు. ఇప్పుడు రామ్సేను చూడండి. అతడు బ్రిగ్స్‌ను ఉద్యోగం నుండి తొలగించడు. రాజీనామా తానే ఇచ్చేటట్లుగా నలుగురిలో నిందిస్తాడు. కృష్ణుడు చంపకుండా ఉండడానికి చెప్పిన ఉపాయాన్ని ఈ దొర చంపడానికి వాడుకున్నాడు.

నిర్వాహకుడు: అవధానిగారి వివరణ పద్యం కంటే విలువైనది. అయినా ఆ వివరణ పద్యంలో లేదు కాబట్టి దీనిని పోటీకి వెలుపలి పూరణగా స్వీకరిస్తున్నాను.

డల్లాస్ సోదరి: నా పూరణలో మాట్లాడేవాడు స్టేపుల్స్.

మిత్రు నామముఁ గలిపితి మేలు గోరి
దొర తుడిచె దాని. నను మెచ్చెఁ ద్రోసి వాని
కుర్చి నాకబ్బె, నాలోని గుణము చచ్చె
పొగడినంతనె ప్రాణముల్ పోయె నకట

తెనాలి మాస్టారు: మూడవ పాదంలో గుణము చచ్చింది, నాల్గవ పాదంలో ప్రాణాలు పోయాయి. పునరుక్తి కాదా అమ్మా? ‘చచ్చె’ బదులు ‘మడిసె’ అంటే కాస్త మృదువుగానైనా ఉంటుంది.

డల్లాస్ సోదరి: రెండు చావులు కావాలనే పెట్టానండి. ఒకటి బ్రిగ్స్‌ది, మరొకటి చెప్పుకొంటున్నవానిది. కోపంతో రాజీనామా ఇవ్వడానికి వెళ్లిన స్టేపుల్స్ చివరకు ఏం చేస్తాడు? నీతో అడుగడుగునా పోరాడతాను, నీ స్థానాన్నే లాక్కుంటాను అని రామ్సే ముఖం మీదనే చెప్పి, ఆ ఉద్యోగాన్నే స్వీకరిస్తాడు. ఆ పోరాటాన్ని నేను ఎంత నమ్మాలనుకున్నా, అతనికి దక్కింది బ్రిగ్స్ స్థానమే కదా. అట్టివాడు తన గురించి ‘మడిసె’ అని మెత్తగా చెప్పుకోకూడదు.

నిర్వాహకుడు: నేను సోదరి పక్షమే. ‘తుడిచె’, ‘చచ్చె’ వంటి మొరటు మాటలు ఆ నోటికి తగినవి. ‘ప్రాణముల్’ ఎవరివో తేల్చకుండా వదలడం వల్ల పద్యం రెండు అర్థాలలోనూ నిలబడుతున్నది. ఈ వారం ఉత్తమపూరణ ఇదే. మాస్టారి సవరించిన పద్యం రెండవది.

తెనాలి మాస్టారు: తీర్పు శిరోధార్యము. కాని రామ్సే పక్షాన ఒక్క పూరణ కూడా రాలేదు. కంపెనీ బాగు కోసమే చేస్తున్నానని అతడు మనసారా నమ్ముతాడు కదా. ఆ నోటితో ‘అకట’ అనిపించగలవారు ఎవరైనా ఉంటే రేపటిలోగా పంపండి. నేనూ ప్రయత్నిస్తాను.