సమస్య: “కొమ్ము లూడిన పిమ్మటఁ గుమ్మె నెద్దు”

నిర్వాహకుడు (అమలాపురం): పండక్కి వచ్చిన పిల్లలు తిరిగి వెళ్తూ మా ఇంట్లో పాత రౌటరు (ఇంటికంతా వైఫై పంచే పెట్టె) తీసేసి కొత్తది పెట్టి వెళ్ళారు. పాతదానికి మూడు కొమ్ములు. కొత్తది నున్నగా కొబ్బరిబొండంలా ఉంది, యాంటెన్నాలన్నీ లోపలే. దాన్ని చూస్తుంటే ఈ పాదం తట్టింది. ఇదే ఆఖరి పాదంగా తేటగీతి పూరించండి. రౌటరు మీదే కావాలని లేదు, పూరిస్తే నాకు సంతోషం.

భీమవరం:
పాత రౌటరు కొమ్ములు పైకి లేపి
వంటగది చేర లేకయే వాలిపోయె
బోడి తలతోడ కొత్తది పూని రాఁగ
కొమ్ము లూడిన పిమ్మటఁ గుమ్మె నెద్దు

రాజోలు: రాజుగారూ, “బోడి” మాటకి దణ్ణం. మా వైపు కొమ్ముల్లేని గేదెని అలాగే అంటాం, ఆ మాట ఇక్కడ సరిగ్గా కూర్చుంది. “కుమ్మె”లో మన కుర్రాళ్ళు అనే “కుమ్మేసింది” కూడా వినిపించింది. కానీ “పూని” ఎందుకు? యతికి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరానికి) తప్ప దానికి పనిలేదు. అసలు చిక్కు వేరే ఉంది. ఊడిన కొమ్ములు పాతదానివి, కుమ్మింది కొత్తది. సమస్యలో ఎద్దు ఒక్కటే. మీ పద్యంలోకి రెండెడ్లు వచ్చాయి.

భీమవరం: మాస్టారూ, ఎద్దంటే రౌటరు కాదు, ఇంటికొచ్చే లైను. రౌటరు దానికి కొమ్ములు. మా లైను వేగం 200 ఎంబీపీఎస్. పాత రౌటరులో తీగ గుచ్చే పోర్టు 100 దాటనిచ్చేది కాదు. ఎద్దు బలమంతా ఆ పోర్టు దగ్గరే ఆగిపోయేది. నెట్టు నెమ్మదిగా ఉందని కనెక్షన్ వాళ్ళతో ఎన్నిసార్లు దెబ్బలాడానో! తప్పు వాళ్ళది కాదని రౌటరు మార్చాకే తెలిసింది.

రాజోలు: బాగుంది, కానీ ఆ సంగతి పద్యంలో ఉండాలి, వివరణలో కాదు. ఒక్క ఎద్దుతో నా పూరణ చూడండి.

పేరు మార్చక పాతదే పెట్టినాను
తాళమదె గాన ఫోనులు తలుపు తీసె
ఇంట నొకటైన నెఱుగదే యింతమార్పు
కొమ్ము లూడిన పిమ్మటఁ గుమ్మె నెద్దు

కొత్త రౌటరుకి పాత నెట్‌వర్కు పేరే ఇచ్చి, పాస్‌వర్డు కూడా పెద్దక్షరం చిన్నక్షరం పొల్లుపోకుండా అదే పెట్టాను. టీవీ, ఫోన్లు, గేటు కెమెరా వాటంతట అవే ఎక్కేశాయి. వాటి లెక్కలో అది నిన్నటి ఎద్దే.

నిర్వాహకుడు: “తాళమదె గాన” దగ్గర ఆగి మళ్ళీ చదువుకున్నాను. ఇవాళ్టికి నాకు నచ్చిన విరుపు ఇదే.

ముమ్మిడివరం: మాస్టారూ, “ఒకటైన నెఱుగదే” అతిశయోక్తి. మా ఇంట్లో పేరూ పాస్‌వర్డూ అవే ఉంచినా పాత ప్రింటరు ఎక్కనంది. కొత్తదాంట్లో వైఫై భద్రతకి కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంది. దానికి ముందుదైన డబ్ల్యూపీఏ2 కూడా కలిపాకే లొంగింది.

రాజోలు: నిజమే అక్కయ్యా. మా ఇంట్లో అంత పాత వస్తువు లేక నాకు తట్టలేదు.

భీమవరం: మాస్టారు “ఎఱుగదే” అని శకటరేఫ (ఱ) శ్రద్ధగా రాశారు. కిందటి సంక్రాంతికి నా కందంలో ర, ఱ ప్రాస (పాదాల రెండో అక్షరం) కలిపానని పద్యం మొత్తం పక్కన పెట్టింది ఈయనే. పలకడంలో మనకిప్పుడు రెండూ ఒకటే కదా అంటే వినలేదు. ఆ పద్యంలో భావం బాగుందని ఇప్పటికైనా ఒక్కమాట అనండి.

రాజోలు: భావం బాగుందని అప్పుడే అన్నాను, ప్రాస కుదరలేదనే అన్నాను. ఇది తేటగీతి, ప్రాసతో పనిలేదు, ఆ గొడవ ఇక్కడ వద్దు.

పాలకొల్లు: పెద్దల మధ్య నాదీ ఒకటి.

చేప చెరువుకు సిగ్నలు అందలేదు
గోడ లడ్డము వచ్చెను కూడ బల్కి
తీగ లాగితి గట్టుకు, తిరిగి చూడ
కొమ్ము లూడిన పిమ్మటఁ గుమ్మె నెద్దు

భీమవరం: తమ్ముడూ, వైర్‌లెస్సే వదిలేసి తీగ లాగడమే కొమ్ములూడటం! మా ఇద్దరికీ తోచని దారి ఇది. గోడలు కూడబలుక్కోవడం మరీ నచ్చింది. వైఫై తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్ వేగమే గాని గోడ దాటే సత్తువ తక్కువ, 2.4 ఆ పని కాస్త నయంగా చేస్తుంది. కానీ మొదటి పాదంలో “చే”కి “అం” యతి ఎలా కుదిరింది?

రాజోలు: పైగా “సిగ్నలు అందలేదు” దగ్గర విసంధి, సంధి జరగాల్సిన చోట జరగలేదు. “సిగ్నలు చేరలేదు” అంటే రెండు దోషాలూ ఒక్క దెబ్బకి పోతాయి. ఇంకొకటి, రౌటరు నుంచి లాగిన ఆ ల్యాన్ తీగ 100 మీటర్ల లోపే ఉండాలి. గట్టు అంతకన్నా దూరమైతే ఫైబరు (గాజు తీగ) లాగించుకో బాబూ, ఆరుబయట పిడుగుల భయమూ తగ్గుతుంది.

పాలకొల్లు: “చేరలేదు” అని దిద్దుకున్నాను, మాస్టారూ. గట్టు మా పెరటి గోడ పక్కనే, తీగ సరిపోయింది.

భీమవరం: రాత్రంతా ఆ రెండెడ్ల మాటే మనసులో మెదిలింది. మూడో పాదం మార్చాను, “పూని” కూడా పోయింది.

బోడి తలతోడ నా తీగె పొగరు చూపె

రాజోలు: ఆ తీగె! పాత కొమ్ములు మోసిందీ అదే, బోడి తలతో కుమ్మిందీ అదే. ఇప్పుడు ఎద్దు ఒక్కటే, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను రాజుగారూ. ఆ ర, ఱ కందం మాత్రం ఒప్పుకోను.