మడత చాకులకు నల్ల కోటింగ్ నిజంగా తుప్పు ఆపుతుందా? డీఎల్‌సీ, సెరాకోట్, బ్లాక్‌వాష్‌లో ఏది మేలు?

సాగరతీరం:
అందరికీ నమస్కారం. ఉండేది విశాఖలో, బీచ్‌కి నడిచి పది నిమిషాలు. ఎనిమిదేళ్లుగా మడత చాకులు పోగుచేస్తున్నాను, ఇప్పటికి పద్నాలుగు అయ్యాయి. మొన్న వర్షాల తర్వాత బీరువాలో తోలు పౌచ్‌లో దాచిన డీ2 (ఒక రకం టూల్ స్టీల్) చాకు తీసి చూస్తే ప్రాణం ఉసూరుమంది. బ్లేడుకి నల్ల కోటింగ్ ఉంది, అది బాగానే ఉంది, కానీ పదును అంచు పొడవునా సన్నటి తుప్పు గీత. కోటింగ్ ఉన్నాక కూడా ఇదేంటి? ఇప్పుడు స్పైడర్కో కంపెనీ పారామిలిటరీ 2 చాకు కొనాలనుకుంటున్నాను, మామూలు బ్లేడుది తీసుకోవాలా, డీఎల్‌సీ నల్ల బ్లేడుదా? ఇంకొకటి, నా చెక్క పిడి చాకు ఓపినెల్ నంబర్ 8 కార్బన్ స్టీల్‌ది, దానికి ఇక్కడే ఎక్కడైనా కోటింగ్ వేయించవచ్చా? నేను అద్దాల పెట్టెలో పెట్టి చూసుకునే రకం కాదు, వారానికొకటి మార్చి జేబులో పెట్టుకుంటాను, కానీ పదేళ్ల తర్వాత కూడా అవి బాగుండాలి.

బాలానగర్ టూల్స్:
మీ చాకులో లోపం లేదు. ఏ కోటింగ్ అయినా పదును అంచు మీద నిలవదు, సానపెట్టిన మొదటి రోజే అక్కడ లేచిపోయి ఉత్త స్టీల్ బయటపడుతుంది. చాలా కంపెనీల చాకులకు పదును పెట్టేదే కోటింగ్ తర్వాత. డీ2లో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది గానీ అందులో చాలా భాగం కార్బన్‌తో కలిసి కార్బైడ్లుగా మారిపోతుంది, తుప్పుని ఆపడానికి మిగిలేది తక్కువ. అందుకే దాన్ని స్టెయిన్‌లెస్ అనరు.

నేను పనిచేసేది డ్రిల్ బిట్లకి, పంచ్‌లకి కోటింగ్ వేసే చోట, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. డీఎల్‌సీ అంటే వజ్రాన్ని పోలిన కార్బన్ పొర. వాక్యూమ్ చాంబర్‌లో వేస్తారు, మందం మామూలుగా రెండు మూడు మైక్రాన్లు, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. గట్టిదనం మాత్రం విపరీతం, 60 రాక్‌వెల్ స్టీల్ విక్కర్స్ లెక్కలో 700 దగ్గర ఉంటే (రెండూ గట్టిదనాన్ని కొలిచే లెక్కలే) డీఎల్‌సీ 2000 దాటుతుంది. ఇసుక రేణువులు రాసుకుంటే స్టీల్ గీసుకుంటుంది, ఇది గీసుకోదు. బంగారు రంగులో కనిపించే టైటానియం నైట్రైడ్ కోటింగ్ కూడా ఇలా వాక్యూమ్‌లో వేసే పల్చని పొరే. అయితే ఇంత పల్చని పొరలో కంటికి కనబడని సూది రంధ్రాలు ఉంటాయి, ఉప్పు తేమ అక్కడ దూరుతుంది. అంటే డీఎల్‌సీ ముఖ్యంగా గీతల నుంచి కాపాడుతుంది, తుప్పుని తగ్గిస్తుంది కానీ పూర్తిగా ఆపదు.

ఓపినెల్‌కి మాత్రం దయచేసి వేయించకండి. టైటానియం నైట్రైడ్ లాంటివి చాలాచోట్ల 400 డిగ్రీల దగ్గర వేస్తారు. మామూలు కార్బన్ స్టీల్‌కి టెంపరింగ్ (గట్టిపరిచాక పెళుసుదనం తగ్గడానికి మళ్లీ వేడిచేయడం) చేసేది 200 డిగ్రీల చుట్టూ, దాని మీదికి పోతే బ్లేడు మెత్తబడిపోతుంది. నా స్నేహితుడు ఒక షాపులో ఇచ్చి చేయించుకున్నాడు, షాపు పేరు వద్దు, బంగారు రంగులో మెరిసిపోతూ వచ్చింది, రెండు అట్టపెట్టెలు కోసేసరికి అంచు మడత పడింది. ఆ చాకు ఇక అంతే.

నల్లకత్తిపీట:
ఓపినెల్ గురించి నా మాట వినండి అన్నా. మన ఇళ్లలో పాత ఇనుప కత్తిపీటలు గుర్తున్నాయా, ఆవకాయ రోజుల్లో మామిడికాయలు కోసీ కోసీ నల్లగా అయిపోయేవి, అమ్మమ్మ కడిగి తుడిచి కాస్త నూనె రాసి గోడకి ఆనించేది, అది ఏళ్ల తరబడి ఉండేది. ఆ నలుపు ఎర్ర తుప్పు కాదు, పులుపు తగిలి ఏర్పడే పొర, ఎర్ర తుప్పు పట్టడాన్ని అది కొంత నెమ్మది చేస్తుంది. నా ఓపినెల్‌తో నెల రోజులు పచ్చిమామిడి, నిమ్మకాయ, ఉల్లిపాయ కోశాను, ఇప్పుడు బ్లేడు మీద నీలం, బూడిద రంగు మబ్బుల్లా ఉంది, ఎంత అందంగా ఉందో చెప్పలేను. బ్లాక్‌వాష్ కూడా దాదాపు ఇదే దారి, యాసిడ్‌తో నల్లబరిచి రాళ్లతో కలిపి దొర్లిస్తారు. గీతలు పడినా ఆ గరుకులో కలిసిపోతాయి, ఊడిపోవడానికి పైన వేరే పొరంటూ లేదు. ఒక్కటే, చెక్క పిడిలో బ్లేడు మడిచే గాడిని పొడిగా ఉంచండి, చెక్క తేమ పీల్చుకుంటుంది.

హ్యూస్టన్ తెలుగోడు:
మా ఊరూ ఉక్కపోతే, అందుకే రాస్తున్నాను. డీఎల్‌సీ, సెరాకోట్ రెండూ వాడాను. సెరాకోట్ అంటే సెరామిక్ కలిపిన పెయింటే, స్ప్రే చేసి 120 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెడతారు, 25 మైక్రాన్ల దాకా మందం. తేమని ఆపడంలో నిజానికి అదే డీఎల్‌సీ కంటే నయం, ఆ వేడికి స్టీల్‌కి ఏమీ కాదు. కానీ మడత చాకుకి సరిపడదు, తెరిచి మూసే చోట, లాక్ ఆనే చోట ఆరు నెలల్లో అరిగిపోయి మెరుపు మచ్చలు వచ్చాయి, కార్డ్‌బోర్డ్ కోస్తే బ్లేడు పక్కల గీతలు. నా డీఎల్‌సీ బ్లేడు నాలుగేళ్లయినా అలాగే ఉంది.

అయినా సేకరించేవాళ్లకి నేను ఉత్త శాటిన్ బ్లేడే, అంటే కోటింగ్ లేకుండా సన్నగా రుద్ది నునుపు చేసిందే తీసుకోమంటాను. శాటిన్ మీద గీత పడితే మళ్లీ రుద్ది పాత రూపానికి తేవచ్చు. డీఎల్‌సీ మీద లోతైన గీత పడితే అది అలా ఉండాల్సిందే, మళ్లీ వేయిస్తే ఒరిజినల్ కాదు, అమ్మేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఇప్పుడొచ్చే పారామిలిటరీ 2 బ్లేడు ఎస్45వీఎన్ అనే స్టెయిన్‌లెస్ స్టీల్, అది మీ డీ2లాగా ఏడిపించదు. అసలు మీకు కొంప ముంచింది ఆ తోలు పౌచ్. తోలు తేమని పట్టి ఉంచుతుంది, తోలు శుద్ధి చేయడానికి వాడిన రసాయనాలూ అందులో ఉంటాయి. దాచేటప్పుడు పౌచ్ వేరు, చాకు వేరు.

సాగరతీరం:
పౌచ్ సంగతి నాకు తట్టనే లేదు, ఇంకో మూడు చాకులు కూడా తోలులోనే ఉన్నాయి, ఇప్పుడే తీసి చూశాను. ఒకదానికి లోపల పివట్ (బ్లేడు తిరిగే ఇరుసు) దగ్గర తుప్పు మొదలైంది. ఓపినెల్‌కి కోటింగ్ ఆలోచన మానేశాను. పారామిలిటరీ మాత్రం నల్లదే మనసులో ఉంది, రోజూ జేబులో తిరిగేది కదా. మరి డీ2 అంచు మీద తుప్పు ఎలా తీయాలి? పాలిషింగ్ పేస్ట్ ఉంది ఇంట్లో.

బాలానగర్ టూల్స్:
నల్ల పూత మీద పేస్ట్ వద్దు, రంగు పోతుంది లేదా మరకలా మెరుస్తుంది. తుప్పు అంచు మీదే కాబట్టి సానరాయి మీద నాలుగు రుద్దులు రుద్దితే పోతుంది. తర్వాత వాసన లేని మినరల్ ఆయిల్ ఒక్క చుక్క గుడ్డతో అంచుకి పట్టించండి, వంటనూనె వాడకండి, జిగురు కడుతుంది. ఎక్కువ కాలం దాచేవాటికి రెనసాన్స్ వాక్స్ మంచిది, మ్యూజియం వస్తువుల కోసం బ్రిటిష్ మ్యూజియంలో రూపొందించిన మైనం అది. మూత గట్టిగా పట్టే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, మీ ఊళ్లో అయితే నెలకోసారి ఆ పొట్లాలు మార్చాల్సి రావచ్చు. పివట్ దగ్గర మొదలైందన్నారే, దాన్ని ఇవాళే విప్పి తుడవండి, రేపటికి వదలకండి.