సమస్య: పటములోన లేని పల్లె పండె

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను: “పటములోన లేని పల్లె పండె.” జపాన్‌లో టోకియో అనే పాటల బృందం నడిపిన ‘టెత్సువాన్ డ్యాష్’ టెలివిజన్ కార్యక్రమానికి అన్వయించి పూరించండి. నిప్పన్ టీవీలో 1995లో మొదలైన ఆ కార్యక్రమం 1998లో ఆదివారం సాయంత్రానికి మారింది. 2000లో గాయకులు ఫుకుషిమలో పాడుబడిన ఇంటిని, బీడుపడ్డ పొలాలను బాగుచేసుకుని ‘డ్యాష్ పల్లె’ కట్టసాగారు. అది నమియె పట్టణ పరిధిలో ఉందన్న సంగతిని 2011లో అణువిద్యుత్ కేంద్రం ప్రమాదం జరిగేదాకా ప్రేక్షకులకు చెప్పలేదు. పాదంలోని విరోధానికి పరిష్కారం ఆ గోప్యతలోనే దొరుకుతుంది.

గౌతమీతీరం:
పాటగాండ్రు వచ్చి పారఁ జేతను బట్టి
నేల దున్ని నారు నీట నాటి
కెమెర కంటి యెదుటఁ గేరింతలిడినారు
పటములోన లేని పల్లె పండె.

నిర్వాహకుడు:
ధారగా ఉంది, యతులు నిర్దోషం. అయితే పల్లె పటంలో ఎందుకు లేదో మొదటి మూడు పాదాలలో ఎక్కడా లేదు. ఏ సినిమా చిత్రీకరణకైనా ఇవి సరిపోతాయి. సమస్యలో చిక్కు ఎక్కడుందో పూరణ అక్కడే విప్పాలి కదా.

పినాకిని:
తావు దెలుపకుండఁ దారలే నాగలి
పట్ట నేర్పె నొక్క పండుముసలి
జాడ దాఁచి చూప జనులెల్ల మెచ్చిరి
పటములోన లేని పల్లె పండె.

నిర్వాహకుడు:
చిక్కు విడిపోయింది, సంతోషం. ‘పండుముసలి’ అన్న మాట చూడగానే నాకు సంపేయి అకియో గారు కళ్ళముందు మెదిలారు. నాగలి ఎరుగని ఆ యువకులకు విత్తనం మొదలు కోత దాకా ప్రతి పనీ దగ్గరుండి నేర్పిన రైతు ఆయన, 2014లో కన్నుమూశారు. గాయకులు ప్రసిద్ధులైనా ఆ పొలంలో ఆయనే పెద్ద, వారు శిష్యులు. కార్యక్రమం గొప్పతనమంతా ఆ వరుసలోనే ఉందని నా గట్టి అభిప్రాయం, మీ రెండవ పాదం దానిని పట్టుకుంది. ఇక ‘తావు దెలుపకుండ’, ‘జాడ దాఁచి’ రెండూ ఒకటే మాట కాబట్టి మూడవ పాదం వృథా అవుతోంది.

పినాకిని:
ధన్యవాదాలండీ. మూడవ పాదాన్ని “వారవారమింట వరిచేను గనిపించె” అని మార్చాను.

నిర్వాహకుడు:
చాలా బాగుంది. పటంలో దొరకని చేను ప్రతి ఇంటా కనిపించిందనడంతో విరోధం ఇంకా పదునెక్కింది.

కృష్ణవేణి:
అణువు సెగకు జనము లందఱు వెడలిన
విత్తు విడువరైరి వేఱు చోట
నాటి రదియె మరల నాటి గురువు మెచ్చఁ
బటములోన లేని పల్లె పండె.

గౌతమీతీరం:
అమ్మా, సమస్యలో ‘పటములోన’ అని ఉంటే మీరు ‘బటములోన’ అన్నారు. అది చెల్లుతుందా?

నిర్వాహకుడు:
చెల్లుతుందండీ. ‘మెచ్చన్’ అన్న ద్రుతాంతం మీద పకారం బకారమైంది, యతికీ భంగం లేదు. ప్రమాదం తరువాత నమియె ప్రజలంతా ఊరు విడిచిపోవలసి వచ్చింది. కొన్ని భాగాలలో 2017లో ఆంక్షలు ఎత్తివేసినా, పల్లె ఉన్న త్సుషిమ వైపు చాలా భాగం మూసివేసే ఉంచారు. ఆ బృందం ఫుకుషిమలోనే మరొక చోట వరి సాగు కొనసాగించింది. కృష్ణవేణి గారు ఆ వరకు వెళ్ళి పూరించడం, ‘నాటి’ని రెండర్థాలలో నిలపడం నాకు ఎంతో నచ్చాయి. అన్వయం మాత్రం తడబడింది: ‘విడువరైరి’కి కర్త ఊరు వదిలిన జనమే అనిపిస్తోంది. గాయకులను పద్యంలోకి తీసుకురండి.

కృష్ణవేణి:
అణువు సెగకు జనము లందఱు వెడలిన
విత్తు విడని పాటవిభులు దాని
నాటి రన్యభూమి నాటి గురువు మెచ్చఁ
బటములోన లేని పల్లె పండె.

నిర్వాహకుడు:
ఇప్పుడు కర్త స్పష్టం, అన్వయం సుగమం. ఈ వారం పూరణలలో దీనినే ఉత్తమంగా ఎంచుతున్నాను.