ఒప్పందమూ వద్దు, ఒప్పందం లేకుండా వెళ్లడమూ వద్దు: 2019లో బ్రిటన్ పార్లమెంటు దేనికీ ఎందుకు ఒప్పుకోలేదు?

నల్లరేగడి అడిగిన ప్రశ్న:

నేను డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధిస్తాను. ఇటీవల బ్రిటన్ పార్లమెంటరీ విధానం గురించి చెబుతుండగా ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు నాకే తృప్తి కలిగించే సమాధానం ఇవ్వలేకపోయాను. 2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి వైదొలగాలని ఓటు వేశారు. 2017 మార్చి 29న ప్రధాని థెరిసా మే ఈయూ ఒడంబడికలోని 50వ అధికరణం కింద వైదొలగే నోటీసు ఇచ్చారు. దానికి అనుమతించింది పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభే. తీరా ఆమె ఒప్పందం కుదుర్చుకుని వస్తే, అదే సభ 2019 జనవరి 15న 432–202 ఓట్లతోనూ, మార్చి 12న 391–242తోనూ, మార్చి 29న 344–286తోనూ దాన్ని తిరస్కరించింది. ఒప్పందం లేకుండా వెళ్లకూడదని మార్చి 13న తీర్మానించింది కూడా ఆ సభే. మార్చి 27న సభ్యులు తమంతట తాము ఎనిమిది ప్రత్యామ్నాయాలను ఓటింగుకు పెట్టుకుంటే ఎనిమిదీ వీగిపోయాయి. "అయితే వాళ్లకు ఏం కావాలి సార్?" అని ఆ అమ్మాయి అడిగింది. నాయకుల మొండితనం, పదవీకాంక్ష అని చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. అంతకన్నా లోతైన కారణం ఉంటే దయచేసి వివరించగలరు.

లెక్కల పంతులు:

మీ విద్యార్థిని ప్రశ్న బాగుంది కానీ, అందులోనే ఒక చిక్కు ఉంది. సభ అంటే ఒకే మనసున్న ఒక మనిషి అన్నట్టు ఆమె ఊహించింది. నిజానికి అక్కడ కనీసం మూడు వర్గాలు ఉన్నాయి. పూర్తిగా తెగతెంపులు చేసుకోవాలనే పాలక కన్సర్వేటివ్‌లు ఒక వర్గం; కస్టమ్స్ యూనియన్‌లోనో (లోపల సుంకాలు లేకుండా, బయటి సరుకులకు ఒకే సుంకం ఉండే ఏర్పాటు) సింగిల్ మార్కెట్‌లోనో (ఒకే నిబంధనలతో నడిచే ఉమ్మడి మార్కెట్) ఉంటూ వైదొలగాలనేవారు మరొకటి; విషయాన్ని మళ్లీ ప్రజల ముందుకే తీసుకెళ్లాలనేవారు మూడోది. ఈ ఒప్పందం వీగిపోతే తన మొదటి కోరిక దగ్గరవుతుందని ప్రతి వర్గమూ నమ్మింది. ఏమీ చేయకపోతే మార్చి 29న చట్టం ప్రకారం దానంతట అదే బయటపడతామని మొదటి వర్గం లెక్క వేసుకుంది. గడువు దగ్గరపడి భయం పెరిగితే రెండో రెఫరెండం తప్పదని మూడో వర్గం లెక్క వేసుకుంది. రెండు లెక్కలూ ఒకేసారి నిజం కాలేవు, అయితే ఎవరి లెక్క తప్పో గడువు ముగిసేదాకా తేలదు. ఆ గడువేమో మార్చి 29 నుంచి ఏప్రిల్ 12కు, అక్కడి నుంచి అక్టోబర్ 31కి జరుగుతూ పోయింది. ఎవరికీ ఇష్టం లేని ఒప్పందంతో రాజీపడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఏప్రిల్ 1న జరిగిన రెండో విడత ఓటింగును మీ తరగతిలో తప్పకుండా చర్చించండి. కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన ఆ రోజు 273–276తో, అంటే కేవలం మూడు ఓట్ల తేడాతో ఓడిపోయింది. రెండో రెఫరెండం కోరినవారిలో కొందరు దాన్ని బలపరిచి ఉంటే నెగ్గేదే. తమ కోరిక ఇంకా సజీవంగా ఉందనుకున్నారు కాబట్టి బలపరచలేదు.

లాగన్ ఒడ్డు:

లెక్కల పంతులు గారు చెప్పింది నిజమే కానీ, ఆ ఒప్పందంలో అంతగా గిట్టనిదేమిటో చెప్పకపోతే కథ సగమే అవుతుంది. నేను తొమ్మిదేళ్లుగా, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి నుంచి ఈయూ సభ్యదేశమైన ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌కు కారులో వెళ్తే సరిహద్దు ఎక్కడ దాటామో తెలియదు. వేగ పరిమితి బోర్డులు మైళ్ల నుంచి కిలోమీటర్లలోకి మారితే, దాటేశామని అనుకోవాలి. సుమారు 500 కిలోమీటర్ల ఆ గీత మీద రెండు వందలకు పైగా దారులు ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ సైనిక తనిఖీ కేంద్రాలు ఉండేవి. ఉత్తర ఐర్లండ్‌లో దశాబ్దాల హింసకు తెరదించిన 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం తర్వాత నెలకొన్న శాంతికి కనిపించని ఈ సరిహద్దే గుర్తు కాబట్టి, దాని మీద మళ్లీ కస్టమ్స్ గేటు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

థెరిసా మే మూడు మాటలు ఇచ్చారు: కస్టమ్స్ యూనియన్ నుంచి బయటికి వస్తాం; ఐర్లండ్ ద్వీపంలో తనిఖీలు పెట్టం; ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య సముద్రం మీదా పెట్టం. వీటిలో ఏ రెండైనా నిలబెట్టుకోవచ్చు, మూడూ కుదరవు. బ్యాక్‌స్టాప్ అనే ఏర్పాటు పుట్టింది ఇందుకే: వేరే మార్గం దొరికేదాకా బ్రిటన్ మొత్తం ఈయూతో ఒకే కస్టమ్స్ ప్రాంతంగా కొనసాగాలి, అందులోంచి ఏకపక్షంగా తప్పుకోవడానికి వీల్లేదు. అలా ఉన్నంతకాలం సుంకాల మీద సొంత నిర్ణయం ఉండదు కనుక భారత్ వంటి దేశాలతో విడిగా వాణిజ్య ఒప్పందాలు సాధ్యం కావని కన్సర్వేటివ్‌లలోని ఒక వర్గం భగ్గుమంది. ఉత్తర ఐర్లండ్‌ను వేరుగా చూస్తే ఊరుకోమని, బ్రిటన్‌తోనే ఉండాలనే అక్కడి పార్టీ డీయూపీ పట్టుబట్టింది. 2017 ఎన్నికల్లో మెజారిటీ పోగొట్టుకున్న ప్రభుత్వం ఆ పార్టీ పదిమంది సభ్యుల మద్దతుతోనే నడుస్తోంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెతకు ఇంతకన్నా సరిపోయే ప్రధాని నాకు తెలియదు.

పాత గెజిట్:

పై ఇద్దరితోనూ నేను కొంత విభేదిస్తాను. లెక్కలూ సరిహద్దూ ఉన్నాయి, కానీ ఆ ఇరుకును మే గారు చాలావరకు తానే తెచ్చుకున్నారు. కస్టమ్స్ యూనియన్ వద్దన్న హద్దును 2017 జనవరిలో, పార్లమెంటుతో నిమిత్తం లేకుండా, లాంకాస్టర్ హౌస్ ప్రసంగంలో గీశారు. ప్రతిపక్ష నాయకుడు జెరెమీ కోర్బిన్‌ను రాజీ చర్చలకు పిలిచింది 2019 ఏప్రిల్‌లో, అప్పటికి మూడుసార్లు ఓడిపోయాక.

ఇక విధానపరమైన కారణం. జనవరి 15న 230 ఓట్ల తేడాతో ఓడిన ప్రభుత్వమే మర్నాడు అవిశ్వాస తీర్మానాన్ని 325–306తో గట్టెక్కింది. ప్రభుత్వపు ప్రధాన విధానాన్ని కాదన్న సభ, ప్రభుత్వాన్ని మాత్రం ఉంచుకుంది. వెనుకటి రోజుల్లో ఇలాంటి ఓటునే విశ్వాస పరీక్షగా ప్రకటించి, ఓడితే ఎన్నికలే అని ప్రధాని బెదిరించగలిగేవారు. పార్లమెంటు కాలపరిమితిని స్థిరపరిచిన 2011 చట్టం వచ్చాక, అవిశ్వాసం నెగ్గితే తప్ప, ముందస్తు ఎన్నికలకు సభలో మూడింట రెండు వంతుల మద్దతు కావలసి వచ్చింది. దానికి తోడు మార్చి 18న స్పీకర్ జాన్ బెర్కో, 1604 నాటి సంప్రదాయాన్ని ఉటంకిస్తూ, తిరస్కరించిన ప్రతిపాదననే మార్పు లేకుండా మళ్లీ మళ్లీ తేవడం కుదరదన్నారు.

మీ విద్యార్థులకు ఒక పోలిక కూడా చెప్పవచ్చు. ఆర్‌సెప్ వాణిజ్య కూటమిలో చేరడం లేదని భారత ప్రధాని 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో ప్రకటించినప్పుడు మన పార్లమెంటులో ఓటింగు జరగలేదు, జరగవలసిన అవసరమూ లేదు. మన దగ్గర అంతర్జాతీయ ఒప్పందాలు ప్రభుత్వం చేతిలోని పని. కామన్స్ సభ మాత్రం 2018 నాటి చట్టంలోనే తన ఆమోదం తప్పనిసరి అని రాయించుకుంది.

నల్లరేగడి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక్క అనుబంధ ప్రశ్న. సభ అదే, సభ్యులు వారే. మరి 2019 అక్టోబర్ 22న మే తర్వాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ తెచ్చిన ఒప్పందపు బిల్లుకు రెండో పఠనంలో 329–299 మద్దతు ఎలా వచ్చింది?

లాగన్ ఒడ్డు:

పైన చెప్పిన మూడు మాటల్లో మూడోదాన్ని ఆయన వదిలేశారండీ. తనిఖీలు ఐరిష్ సముద్రం మీదికి వెళ్లాయి. దాంతో కన్సర్వేటివ్ తిరుగుబాటుదారులు తిరిగి వచ్చారు, డీయూపీ దూరమైంది. అయినా అదే రోజు, బిల్లును మూడు రోజుల్లో ముగించాలన్న కాలపట్టికను సభ 322–308తో తోసిపుచ్చింది కనుక, ముడి పూర్తిగా విడిపోయింది డిసెంబర్ 12 ఎన్నికల్లో 365 స్థానాలు వచ్చి, డీయూపీ అవసరం తీరిపోయాకే. 2020 జనవరి 31న బ్రిటన్ వెళ్లిపోయింది.

అయితే ఇక్కడ ఉంటున్నవాడిగా ఒక మాట చెప్పాలి. ప్రతిష్టంభన లండన్ పార్లమెంటు ఉన్న వెస్ట్‌మినిస్టర్ నుంచి, ఉత్తర ఐర్లండ్ శాసనసభ ఉన్న స్టార్‌మంట్‌కు మకాం మార్చింది. సముద్రపు సరిహద్దుకు నిరసనగా డీయూపీ 2022 ఫిబ్రవరిలో మా ప్రాంతీయ ప్రభుత్వం నుంచి తప్పుకుంది. 2023లో ఈయూతో విండ్సర్ ఒప్పందం కుదిరి కొన్ని తనిఖీలు సడలినా, ఆ పార్టీ తిరిగి రావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. ఆ రెండేళ్లలో లండన్‌లో ఎవరికీ ఇది పెద్ద వార్త కాలేదు.