చిట్లని ఏవీఎమ్‌ను కదిలించాలా, వదిలేయాలా?

గోదారిగట్టు:
మా తమ్ముడికి 28 ఏళ్లు. ఉగాది ముందురోజు ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఎమ్మారైలో మెదడు కుడి ముందుభాగంలో రెండున్నర సెంటీమీటర్ల ఏవీఎమ్ కనిపించింది. ధమని రక్తం సన్నటి నాళాల గుండా పోకుండా నేరుగా సిరల్లోకి దూకే చిక్కుముడట. రక్తస్రావం కాలేదు. ఒక డాక్టరుగారు ఆపరేషన్ చేయించేయమన్నారు, ఇంకొకాయన ఫిట్స్ మందులు వాడుతూ ఊరుకోమన్నారు. అమ్మకు నిద్ర లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నైట్‌డ్యూటీ:
ఊరుకోమన్నాయన మాటకు ఆధారం ఉందండి. అరుబా పరిశోధనలో చిట్లని ఏవీఎమ్ ఉన్న 226 మందిని రెండు జట్లు చేశారు. సగటున 33 నెలలు గడిచేసరికి మందులతో సరిపెట్టినవాళ్లలో నూటికి 10 మందికి, చికిత్సకు పంపినవాళ్లలో దాదాపు 31 మందికి స్ట్రోకో మరణమో. ఆ తేడా చూసి 2013లో కొత్తవాళ్లను చేర్చుకోవడమే ఆపేశారు. నడిచే మనిషిని మన చేతులతో మంచాన పడేయొద్దు.

పాలమూరుపిల్ల:
లెక్క నిజమే గానీ, 33 నెలలేనా? ఆ పిల్లగానికి ముందు ఎంత బతుకుంది! ఏడాదికి 2 శాతం చొప్పున 40 ఏండ్లకు లెక్కేయండి, చిట్లే ముప్పు సగం దాటుతది. పైగా అరుబాలో ఆపరేషన్‌తో ముడిని తీసేసినవాళ్లు కొద్దిమందే. ఎక్కువమందికి నాళంలోకి జిగురు పంపడమో, రేడియేషనో చేసిన్రు. ఆ లెక్క తెచ్చి సర్జరీ మీద ఎట్ల రుద్దుతరు?
మా అక్కకు 34 ఏండ్లప్పుడు చిట్లింది. అన్నం వారుస్తా వారుస్తా తల పట్టుకొని కూలబడ్డది. సీటీ తీస్తే లోపలంతా రక్తం. బతికింది, కానీ ఎడమ చెయ్యి లేవదు. ఇప్పటికీ జడ నేనే వేస్త. ముందే తెలిసుంటే అనుకోని రోజు లేదు.

నైట్‌డ్యూటీ:
చదివి మనసు కలుక్కుమందమ్మా. అయినా ఐదేళ్ల ఫలితాలు 2020లో వచ్చాయి, వాటిలోనూ మందుల జట్టే మెరుగు. సర్జరీ గురించి మీరన్నది మాత్రం ఒప్పుకుంటాను. గోదారిగట్టుగారూ, ఆపరేషన్ ఎంత ప్రమాదమో పాయింట్లతో చెప్పే స్పెట్జ్‌లర్ మార్టిన్ గ్రేడు ఎంతో అడగండి. 3 సెంటీమీటర్లలోపు ముడికి 1 పాయింటు. మాట, చూపు, కాళ్లూచేతుల కదలికను నడిపే చోట ఉంటే ఇంకొకటి. రక్తం లోతు సిరల్లోకి పోతుంటే మరొకటి. మొత్తం 1, 2 అయితే సర్జన్ మాట వినొచ్చు. 4, 5 అయితే నా మాట మీదే ఉంటాను. గామా నైఫ్, అంటే కోత లేకుండా ముడి మీదికే రేడియేషన్ పంపడం, అంటారేమో, ముడి మూసుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అందాకా చిట్లే భయం పోదు.

పాలమూరుపిల్ల:
సిరల సంగతి, ముడిలో ఉబ్బు ఉన్నదా లేదా అన్నది డీఎస్ఏలోనే, అంటే నాళాల్లోకి రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రేలోనే, సరిగ్గ తేలుతది. ముందు అది చేయించండి.

గోదారిగట్టు:
ఇద్దరికీ దండాలు. ఎడమకాలిని కదిలించే చోటికి ఆనుకుని ఉందని రిపోర్టులో రాశారు, అంటే ఇప్పటికే 2. డీఎస్ఏ బుధవారం. ఇలాంటి కేసులు ఆయన చేతిమీదుగా ఎన్ని అయ్యాయో, ఎంతమంది లేచి నడిచారో సర్జన్‌గారిని సూటిగా అడుగుతాను. తమ్ముడు ఇదంతా చదివి ఆపరేషన్ వైపే మొగ్గుతున్నాడు. అమ్మకింకా చెప్పలేదు.