డ్రాయింగ్ టీచర్ల శిక్షణలో ప్రకటనలు, మీమ్‌లు: ఉండాలా, వద్దా?

బొగ్గుముక్క:
కాబోయే డ్రాయింగ్ టీచర్లకు పాఠాలు చెప్తాను. కొత్త సిలబస్ మీద మా స్టాఫ్‌రూమ్‌లో రోజూ గొడవే. విజువల్ కల్చర్ అని ఒక పేపర్ పెట్టాలట. ప్రకటనలు, సినిమా పోస్టర్లు, వీడియో థంబ్‌నెయిల్స్, గేముల్లో బొమ్మలు, మీమ్‌లు, అన్నీ అందులోనే. గంటలేమో పెంచరు. కోత పడేది ఫిగర్ డ్రాయింగ్‌కి. నేనైతే ఒప్పుకోను. బోర్డు మీద మనిషి బొమ్మ నిలబెట్టలేని టీచర్ ప్రకటనల గురించి ఎంత మాట్లాడితే ఏం లాభం?

గళ్ళనోటు:
సర్, ఇది పాత వాదనే. 1980లలో అమెరికాలో గెట్టీ సంస్థ అండతో డీబీఏఈ (డిసిప్లిన్ బేస్డ్ ఆర్ట్ ఎడ్యుకేషన్) వచ్చినప్పుడూ గీయడం తగ్గిపోతుందనే అన్నారు. గీయడానికి తోడు కళాచరిత్ర, విమర్శ, సౌందర్యశాస్త్రం కలిపిన పద్ధతి అది. అయినా పిల్లల ముందు పెట్టింది చాలావరకు మ్యూజియం బొమ్మలే. పాల్ డంకమ్, కెర్రీ ఫ్రీడ్‌మన్ లాంటి కళావిద్య పరిశోధకులు తర్వాత పట్టుకున్నది అక్కడే: పిల్లలు రోజంతా చూసే బొమ్మలు క్లాసులోకి ఎందుకు రాకూడదని. అసలు రెంటికీ మధ్య గోడ ఎక్కడుంది? తైలవర్ణ చిత్రాలకూ ప్రకటనలకూ ఉన్న చుట్టరికాన్ని కళావిమర్శకుడు జాన్ బెర్జర్ 1972లోనే బీబీసీలో చూపించాడు.

శనివారం పీరియడ్:
ఇద్దరూ పేపర్ గురించే మాట్లాడుతున్నారు. బడిలో చెప్పేదాన్ని కాబట్టి క్లాసు సంగతి చెప్తాను. టీచింగ్ ప్రాక్టీస్‌కి వచ్చిన ఒకమ్మాయి తొమ్మిదో తరగతికి ఫేస్‌క్రీమ్ ప్రకటన చూపించింది. అది ఎలా మోసం చేస్తుందో పీరియడంతా తనే చెప్పింది. పిల్లలు ఆమెకు కావలసిన జవాబు పసిగట్టి అదే రాసిచ్చారు. బొమ్మను మాత్రం ఒక్కరూ చూడలేదు. వెలుగు ఎటునుంచి పడింది, ముఖాన్ని ఎక్కడ కోశారు, క్రీము డబ్బా అంత పెద్దగా ఎందుకుంది, ఒక్క ప్రశ్నా లేదు. అది సోషల్ పాఠం, అందులోనూ నాసిరకం.

బొమ్మను ఎలా చూడాలో కళావిద్యావేత్త ఫెల్డ్‌మన్ చెప్పిన వర్ణన, విశ్లేషణ, వ్యాఖ్యానం, తీర్పు అనే నాలుగు మెట్లూ అందరూ పరీక్షకు చదివేస్తారు. క్లాసులో అడుగుపెట్టగానే తిన్నగా నాలుగో మెట్టు మీదకి దూకుతారు.

ఆ తర్వాత అదే ప్రకటనతో వేరేలా చేయించాం. అక్షరాలను కాగితంతో మూసేశాం. ఇది దేని గురించో చెప్పమంటే ఒకరు పెళ్లన్నారు, ఒకరు ఆస్పత్రన్నారు. ఫ్రెంచ్ విమర్శకుడు రోలాఁ బార్త్ 1964లో ఒక పాస్తా ప్రకటన గురించి రాస్తూ చెప్పింది ఇదే. బొమ్మలో చాలా అర్థాలుంటాయి, పక్కనున్న మాట మనల్ని వాటిలో ఒకదానికి కట్టేస్తుంది. పిల్లలకు ఆయన పేరు చెప్పలేదు, అక్కర్లేదు కూడా. తర్వాత ఎల్ ఆకారంలో కోసిన రెండేసి అట్టముక్కలిచ్చి, ఫ్రేము జరుపుతూ చిన్న చిన్న స్కెచ్‌లు వేయమన్నాం. ముఖాన్ని సగానికి కోసి గీసిన పిల్ల "ఇప్పుడు ఈమె భయపడుతున్నట్టుంది" అంది. ఎందుకలా అనిపించిందంటే, కళ్లు అంచుకు తగులుతున్నాయంది. నాకు కావలసింది ఆ మాట.

బొగ్గుముక్క:
మేడం, మీరు చేయించింది కాంపోజిషనే. ఏళ్లుగా నేను చెప్తున్నదీ అదే. దానికి కొత్త పేపరెందుకు?

శనివారం పీరియడ్:
స్టిల్ లైఫ్‌లో పెట్టిన కూజా మనకేదీ అమ్మాలని చూడదు సర్. ప్రకటన చూస్తుంది. ఎవరు తీయించారు, ఎవరికోసం, ఫ్రేములోకి ఎవర్ని రానివ్వలేదు అని అడగడం అలవాటు కావాలి. మన కాంపోజిషన్ పాఠాలు అంతదూరం వెళ్లవు.

రబ్బరుముక్క:
నేను ఇప్పుడు శిక్షణలో ఉన్నాను. నా భయం వేరే. పిల్లలు ఆడే గేములు నాకు తెలియవు. వాళ్లకిష్టమైన హీరో పోస్టర్ తెప్పించి తప్పులు పడితే రెండోసారి నోరు విప్పరు. పైగా మార్కులు దేనికి వేయాలి, అభిప్రాయానికా? ఇవి మాకెవరూ నేర్పలేదు.

గళ్ళనోటు:
అభిప్రాయానికి వేయకండి, బొమ్మలోంచి చూపించిన ఆధారానికి వేయండి. గేము తెలియకపోతే పిల్లాణ్నే చెప్పనివ్వండి. "ఏది చూసి అలా అంటున్నావ్?" అని మాత్రం వదలకుండా అడగండి.

బొగ్గుముక్క:
సరే, విడి పేపర్ వద్దు. టీచింగ్ ప్రాక్టీస్‌లో ఇలాంటి పాఠాలు తప్పనిసరి చేద్దాం. పిల్లలు గీసే పని లేని లెసన్ ప్లాన్ తిప్పి పంపేద్దాం. ఫిగర్ డ్రాయింగ్ జోలికి మాత్రం రావద్దు. గంటలు కావాలంటే కళాచరిత్రలో తేదీలు బట్టీ పట్టించేవి తీసుకోండి.

పాతగ్యాలరీ:
ఆ గంటలు నావి సర్. ముందు నన్నడగండి.