పాత జెన్‌లో స్టీరియో ఆగి ఆగి పలుకుతోంది: లోపం కరెంటు వైరులోనా, ఎర్త్‌లోనా?

లాసన్స్‌బే పాతబండి
అందరికీ నమస్కారం. నా 2001 నాటి మారుతి జెన్ చాలా ఏళ్లుగా సముద్రానికి కూతవేటు దూరంలో, ఆరుబయటే ఉంటోంది. రెండు నెలల క్రితం నగరంలోని ఒక దుకాణంలో దానికి కొత్త స్టీరియో పెట్టించాను. అప్పటి నుంచి తాళం తీసిన ప్రతిసారీ గడియారంతో పాటు నేను దాచుకున్న రేడియో స్టేషన్లన్నీ చెరిగిపోతున్నాయి. అంతేకాక, రాత్రివేళ హెడ్‌లైట్లు, ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు శబ్దం కొంచెం పెంచితే చాలు, స్టీరియో ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది. మీటరు పెట్టి చూస్తే పసుపు వైరులో 12.5 వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి. స్టీరియోయే చెడిపోయిందని దుకాణం వారు అంటున్నారు. మరొకటి కొనే ముందు మీ అనుభవం తెలుసుకోవాలని రాస్తున్నాను.

ఎంవీపీ కాలనీ
ఇవి రెండు వేర్వేరు లోపాలని నా అభిప్రాయం. విడిగా కొని పెట్టించే స్టీరియోలలో సాధారణంగా పసుపు వైరుకు బ్యాటరీ నుంచి ఎల్లవేళలా కరెంటు అందాలి, ఎందుకంటే గడియారం, స్టేషన్లు గుర్తుండేది దానివల్లనే. ఎరుపు వైరుకు తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు రావాలి. మీరు కొలిచినప్పుడు తాళం తిప్పి ఉందా, తీసి ఉందా? తీసినప్పుడు పసుపులో ఏమీ లేకపోతే, రెండు వైర్లనూ కలిపి తాళం వైరుకే చుట్టేశారన్నమాట. కొన్ని వోక్స్‌వ్యాగన్ కార్లలో కప్లరులోనే (స్టీరియో వైర్లన్నీ కలిసే ప్లగ్గు) ఈ రెండు స్థానాలు తారుమారై ఉంటాయి కాబట్టి, రంగును నమ్మి కలపడం కంటే కొలిచి కలపడం మేలు.

అక్కయ్యపాలెం
నాకు ఇందుకు సరిగ్గా తిరగబడిన అనుభవం ఎదురైంది. మా బండిలో రెండు వైర్లనూ బ్యాటరీ వైపు కలిపేశారు. స్టీరియో ఆపినా లోపల మేలుకునే ఉండి 0.3 ఆంపియర్లు లాగుతుండేది. వినడానికి చిన్న అంకెలా ఉన్నా రోజుకు 7 ఆంపియర్-అవర్లు దాటుతుంది. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉన్న మా చిన్న బండి మూడు రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి స్టార్టు అయ్యేది కాదు. మీ రెండో ఇబ్బందికి మాత్రం బ్యాటరీ నుంచి నేరుగా కొత్త వైరు లాగించుకోవడమే సులువని నాకు అనిపిస్తోంది.

గాజువాక ఎలక్ట్రీషియన్
అక్కయ్యపాలెం వారి సలహాను కాదనను గానీ, లోపం ఏ వైపున ఉందో తేలకుండా కొత్త వైరు లాగితే డబ్బు ఖర్చయి జబ్బు అలాగే మిగులుతుంది. ఒకవేళ లాగినా, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టించండి. ఆ ఫ్యూజు స్టీరియోను కాపాడటానికి కాదు, దారిలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే బండి అంటుకోకుండా ఉండటానికి.

పాతబండి గారూ, మిమ్మల్ని తప్పుదారి పట్టించింది ఆ 12.5 అంకెయే. మీటరు దాదాపు కరెంటు లాగదు కనుక, తీగ లోపల ఒక్క పోగు మిగిలినా నిండు వోల్టేజీ చూపిస్తుంది. అదే చోట 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలిస్తే అది సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, అప్పుడు బలహీనమైన జాయింటు బయటపడుతుంది. అందువల్ల ఇంజన్ నడుస్తూ, స్టీరియో గట్టిగా పలుకుతూ ఉండగా మూడు కొలతలు తీయండి: స్టీరియో దగ్గర పసుపుకూ నలుపుకూ (బాడీకి కలిసే ఎర్త్ వైరు) మధ్య, బ్యాటరీ ప్లస్సుకూ పసుపుకూ మధ్య, బ్యాటరీ మైనస్సుకూ నలుపుకూ మధ్య. ఆ తరువాత ఏంటెన్నా ప్లగ్గును ఒకసారి ఊడదీసి ఏమవుతుందో చెప్పండి.

లాసన్స్‌బే పాతబండి
ఈ ఆదివారం కొలిచాను. తాళం తీస్తే పసుపులో సున్నా వస్తోంది, కాబట్టి ఎంవీపీ వారి ఊహ నిజమే. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు ఉన్నాయి. స్టీరియో దగ్గర మాత్రం 10.6 వోల్టులే. ప్లస్సు వైపు 0.4 వోల్టులు, మైనస్సు వైపు ఏకంగా 3.1 వోల్టులు పోతున్నాయి. ఏంటెన్నా ప్లగ్గు ఊడదీయగానే స్టీరియో పూర్తిగా ఆరిపోయింది! దీని అర్థం నాకు తెలియలేదు.

గాజువాక ఎలక్ట్రీషియన్
మీ నల్ల వైరు ఎప్పుడో పని మానేసింది. స్టీరియోలోకి వెళ్లిన కరెంటు తిరిగి బయటపడటానికి దారి లేక, ఏంటెన్నా తీగ పైన అల్లి ఉండే జాలీ గుండా ఫెండర్ దాకా వెళ్లి బాడీని చేరుతోంది. సముద్రపు గాలికి ఆ ఏంటెన్నా మొదలు కూడా తుప్పు పట్టి ఉంటుంది, అందుకే 3 వోల్టులు అక్కడే ఖర్చవుతున్నాయి. ఇంజన్ వేగం పెంచినప్పుడు రేడియోలో ఈల వంటి మోత కూడా వస్తూ ఉండాలి. నల్ల వైరును బిగించిన స్క్రూ విప్పి, రంగు పూత పోయి లోహం మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, కొత్త లగ్గు (వైరు చివర వేసే లోహపు కొక్కెం) వేసి బిగించాక పైన పలుచగా వాసలీన్ రాయండి.

కంచరపాలెం
వైరు చివర కొంచెం కోసి, లోపలి రాగి రంగు కూడా చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు మా బండిలోకి నీరు వచ్చింది. కార్పెట్ ఎండింది, మేమూ మరిచిపోయాం. ఏడాది తరువాత చూస్తే తొడుగు కింద జానెడు పొడవున రాగి నల్లబడి, అక్కడక్కడ పచ్చటి చిలుము పట్టి ఉంది. ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింట్లు మన ఊరి ఉక్కకు జిగురు కారి ఊడిపోతాయి కాబట్టి, అతుకు వేసి పైన ష్రింకు గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే తొడుగు) తొడిగించడం మంచిది.

లాసన్స్‌బే పాతబండి
నల్ల వైరును రంగు వేసిన రేకుపైనే బిగించారు, దాని చుట్టూ చిలుము. శుభ్రం చేశాక మైనస్సు వైపు 0.1 వోల్టు మాత్రమే పోతోంది, స్టీరియో దగ్గర 13.6 వస్తోంది. పసుపు వైరును విడదీసి ఫ్యూజు పెట్టెలో ఎప్పుడూ కరెంటుండే చోటికి మార్పించాను, స్టేషన్లు నిలుస్తున్నాయి. గాజువాక వారు చెప్పిన ఈల నిజంగానే ఉండేది, ఇప్పుడు లేదు. ఎడమ స్పీకరు మాత్రం గరగరలాడుతోంది. దాని మైనస్సు తీగను కూడా ఎర్త్‌కు కలిపితే సర్దుకుంటుందని పొరుగువారు అంటున్నారు.

గాజువాక ఎలక్ట్రీషియన్
ఆ పని చేయకండి. పాతకాలపు కొన్ని స్టీరియోలలో స్పీకర్ల మైనస్సు ఉమ్మడిగా ఎర్త్‌కు వెళ్లేది కాబట్టి ఆ మాట అప్పట్లో చెల్లింది. ఇప్పటి వాటిలో ఒక్కో స్పీకరు రెండు తీగలూ సుమారు 6 వోల్టుల మీద ఉంటాయి. ఒకదాన్ని బాడీకి తగిలిస్తే స్టీరియో నోరు మూసుకుంటుంది, లేదా లోపలి చిప్పు కాలిపోతుంది. ఎడమ తలుపు తెరిచి, కీలు దగ్గర రబ్బరు గొట్టంలో వంగే చోట తీగను చూడండి. పాత జెన్‌లలో నా చేతికి వచ్చినవి ఎక్కువగా అక్కడే తెగాయి.